నా ఫోన్లో పెట్టెలు, మా అన్న కూతురి చెయ్యి

మా అన్న కూతురి చెయ్యి మంచిది కాదన్న మాట మా ఇంట్లో మొదట అన్నది నేను. పుచ్చు కందుల లారీ వెనక్కి వచ్చిన రోజున మా అన్న అన్నాడని కొందరు చెప్తారు, వదిన తమ్ముడు అన్నాడని మరికొందరు చెప్తారు. రెండూ నిజం కాదు. ఆ లారీ రావడానికి నాలుగు రోజుల ముందు, అన్నం తింటూ, నవ్వుతూ నేనే అన్నాను. అదీ కందుల గురించి కాదు, నా ఫోన్లో ఆడుకునే ఒక ఆట గురించి. ఈ సంగతి తెలిసిన కొద్దిమందికి కూడా సగమే తెలుసు. మిగతా సగాన్ని నాలుగేళ్లకు పైగా దాచింది కూడా నేనే.

నాకు వికారాబాద్‌లో కరెంటు సామాన్ల దుకాణం ఉంది. ఫ్యాన్లు, వైర్లు, బల్బులు, బోరు మోటార్ల స్టార్టర్లు అమ్ముతాను. తాండూరులో నాపరాళ్లు కోసి పాలిష్ చేసే యూనిట్లకు మోటారు సామాన్లు వేస్తాను కాబట్టి వారానికి రెండు మూడు సార్లు రైల్లో అక్కడికి వెళ్తాను. మా అన్న ఉండేది తాండూరులోనే. గంజ్‌లో అంటే అక్కడి ధాన్యం మార్కెట్లో మా నాన్న పెట్టిన కందుల దుకాణం ఆయన చేతికి వచ్చింది. కొడంగల్ వైపు నుంచి, సరిహద్దు అవతల కన్నడం మాట్లాడే ఊళ్ల నుంచి రైతులు కందులు తెస్తారు. అన్న కొని, హైదరాబాద్‌లోని పప్పు మిల్లులకు పంపుతాడు. ఆయనకు ఒక్కతే కూతురు.

ఆ పిల్లకు నాలుగేళ్లప్పుడు అన్న ఒకరోజు దుకాణానికి తీసుకెళ్లాడు. కందుల బస్తా మూతి కుట్టిన దారానికి ఒక కొస ఉంటుంది. సరైన కొస దొరికితే ఒక్క లాగుకు కుట్టంతా టకటకా ఊడిపోతుంది. పిల్ల ఆడుకుంటూ ఆ కొస లాగింది. ఆ రోజు సాయంత్రానికి కందుల ధర పెరిగింది. మర్నాడు అన్న మళ్లీ తీసుకెళ్లాడు. అంతే, అదే మా బోణీ అయింది. స్కూలు డ్రెస్‌లో, భుజాన సంచితో వచ్చి, మొదటి బస్తా దారం లాగి బడికి పోయేది. పక్క దుకాణాల వాళ్లు కూడా పిలిచేవారు. "జర మా దారం గూడ గుంజిపో బిడ్డా" అని చేతిలో బిస్కెట్ ప్యాకెట్టో పిప్పరమెంటో పెట్టేవారు.

దానికి తోడు ఇంకో అలవాటు పుట్టింది. మామూలుగా కందులు కొనేటప్పుడు మొన ఉన్న ఇనుప గొట్టాన్ని బస్తాలోకి గుచ్చి పైన, నడుమ, అడుగున గింజలు తీసి చూస్తారు. మా దుకాణంలో ఆ పిల్ల విప్పిన బస్తాను గుచ్చేవారు కాదు. గుచ్చితే ఆమె చేతిని నమ్మనట్టు అవుతుందని అన్న అనేవాడు. పోనుపోనూ ఆ ఒక్క బస్తానే కాదు, ఆ రైతు తెచ్చిన సరుకంతా పైపైన చూసి తీసుకోవడం మొదలైంది. కొందరు రైతులు తెల్లవారకముందే వచ్చి, ఆమె బడికి పోయే వేళ దాకా ట్రాక్టర్ మీదే కూర్చునేవారు. ఆమె చేతి మీద వాళ్లకు అంత గురి ఉందని మేం మురిసిపోయాం.

నా ఆట సంగతికి వస్తాను. మందుల దుకాణం నడిపే నా స్నేహితుడు ఒకడు నాతోపాటు తాండూరు రైలెక్కుతాడు. ఆయనే నా ఫోన్లో దాన్ని వేసి ఇచ్చాడు. పైసా కట్టక్కర్లేని ఆట. ఒక కోట కట్టుకోవాలి, సైన్యాన్ని పోగేసుకోవాలి, పక్కవాడి కోట మీద పడాలి. సైనికులు పెట్టెల్లో వస్తారు. రోజుకో పెట్టె ఊరికే ఇస్తారు, ఇంకా కావాలంటే కొనుక్కోవాలి. వేలితో ఒత్తితే పెట్టె ఊగుతుంది, సందులోంచి వెలుతురు వస్తుంది. తెల్ల వెలుతురైతే కాలిబంట్లు, నీలమైతే గుర్రం మీది వాళ్లు. బంగారు వెలుతురు వస్తే ఏనుగు మీద కూర్చున్న సేనాపతి. ఏనుగు ఉన్నవాడి కోట జోలికి ఎవరూ రారు. నలభై ఆరేళ్ల మనిషిని, పెళ్లీడుకు వస్తున్న కొడుకు ఉన్నవాణ్ని, ఆ ఏనుగు కోసం రైల్లో కిటికీ సీటు కూడా వదులుకుని చార్జింగ్ పెట్టే చోటు వెతుక్కునేవాణ్ని.

ఒక ఆదివారం అన్న ఇంట్లో ఉన్నాను. అన్న కూతురు అప్పుడు వికారాబాద్ కాలేజీలో ఇంటర్ మొదటి సంవత్సరం, రోజూ రైల్లో పోయి వచ్చేది. ఫోన్ ఆమె ముందు పెట్టాను.

"బిడ్డా, జర గిది ఒత్తు."

"ఏంది చిన్నాయినా ఇది?"

"పెట్టె. లోపల ఏనుగున్నది. నీ చెయ్యి పడితే బయటికొస్తది."

"గింత పెట్టెల ఏనుగెట్ల పడుతది?"

"ముందు ఒత్తవే, తర్వాత అడుగుదువు."

ఒత్తింది. పెట్టె ఊగింది, ఫోనంతా బంగారు రంగైంది. నేను కుర్చీలోంచి లేచి అరిచాను. వంటింట్లోంచి వదిన గరిటెతో పరిగెత్తుకొచ్చింది. అన్న పేపరు దించి, "ఏందిరా, ఏమైంది?" అన్నాడు.

"ఏనుగొచ్చిందన్నా."

"యాడికి?"

"ఫోన్లకు."

అన్న మళ్లీ పేపరు ఎత్తుకున్నాడు. కానీ ఆయన మొహంలో గర్వం నేను చూశాను. కూతురి చెయ్యి అంటే అంతేనన్నట్టు.

ఆ వారం రైల్లో నా మాట వేరు, నా కూర్చోవడం వేరు. నా స్నేహితుడు ఎనిమిది నెలలుగా ఆడుతున్నాడు, ఆయనకింకా ఏనుగు లేదు. "నీకేందివయా, ఇంట్లనే లక్ష్మి ఉన్నది. మా ఇంట్ల అందరు నాలెక్కనే ఉన్నరు" అన్నాడు. నెల తర్వాత తన ఫోనే నా చేతికిచ్చి, ఆ పిల్లతో ఒక్క పెట్టె ఒత్తించి తెమ్మన్నాడు. తీసుకెళ్లాను. ఒత్తించాను. తెల్ల వెలుతురు వచ్చింది.

ఆయన ఫోను తీసుకెళ్లేసరికే నాకు అసలు సంగతి తెలుసు. దాచిన సగం అంటే ఇదే.

ఏనుగు వచ్చిన రెండు వారాలకు, ఇంకో ఏనుగు ఎప్పుడొస్తుందో చూద్దామని పెట్టె పక్కన ఉన్న చిన్న గుర్తును ఒత్తాను. రూల్స్ అన్నీ రాసి ఉన్న పేజీ తెరుచుకుంది. చిన్న అక్షరాలు, చదవాలని ఉన్నవాడికే కనిపించేంత. ఆ ఉగాది తర్వాత కొత్తగా చేరినవాడికి (నా స్నేహితుడు అంతకు ముందే చేరాడు) పదో పెట్టెలో ఏనుగు తప్పకుండా ఉంటుందని అందులో ఉంది. ఆ తర్వాత ఏ పెట్టెలోనైనా ఏనుగు వచ్చే అవకాశం వందకు ఒకటి కూడా కాదు. ముందు పెట్టెలో ఏమొచ్చిందన్న దానితో తర్వాతి పెట్టెకు సంబంధం ఉండదు. వేలు తాకగానే లోపల ఏముందో తేలిపోతుంది, ఊగడం, రంగులు మారడం అంతా చూడడానికి మాత్రమే. నేను నా పెట్టెలు లెక్క పెట్టుకున్నాను. ఆ పిల్ల ఒత్తింది పదోది. ఆ రోజు ఆ పెట్టెను అన్న ఒత్తినా, వదిన గరిటెతో ఒత్తినా ఏనుగే వచ్చేది.

పేజీ మూసేశాను, ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి సిగ్గుపడేంత పెద్ద విషయం కూడా కాదు అప్పటికి. కానీ రైల్లో నేను అదృష్టవంతుణ్ని, మా ఇంట్లో మంచి చెయ్యి ఉన్నవాణ్ని. పదో పెట్టె అంటే నేనూ అందరిలాంటి వాణ్నే. ఇంకొకటి కూడా ఉంది. చదివిన తర్వాత కూడా నేను పూర్తిగా నమ్మలేదు. రాసింది రాసిందే, అయినా ఆమె చెయ్యి పడితే ఏమో అన్న ఆశ ఒక మూల ఉండనే ఉండింది. అందుకే వారమంతా పెట్టెలు దాచుకుని, మధ్యలో రెండు మూడు కొనుక్కుని కూడా, ఆదివారం ఆమె ముందు పెట్టేవాణ్ని. అన్నీ తెలుపే. ఎప్పుడైనా ఒక నీలం.

నాలుగో నెలలో కాబోలు, ఆమె ఫోన్ పక్కకు జరిపింది.

"ఈసారి నువ్వే ఒత్తుకో చిన్నాయినా. నాకు భయమైతున్నది."

"ఆటకేం భయమే?"

"రాకపోతే నీ మొఖం చూడబుద్ధి కాదు."

"అరె, నేనేమన్న అన్ననా నిన్ను?"

"అనవు. అందుకే."

అయినా ఒత్తించాను. ఏడు పెట్టెలు. ఏడూ తెలుపు. ఆమె లేచి పుస్తకాలు తెచ్చుకుంది.

ఆ ఆట న్యాయమైనదా కాదా అని రైల్లో నా స్నేహితుడూ నేనూ చాలాసార్లు వాదించుకున్నాం. ఆయనది ఒకటే మాట, మోసం అని. రంగు బంగారం దాకా వచ్చి తెలుపుకు తిరిగితే "దగ్గరికొచ్చి పోయింది చూడు, కావాలని చేస్తరు" అనేవాడు. అది దగ్గరికి రానే రాలేదని, అది ఉత్త బొమ్మేనని నాకు తెలుసు. కానీ చెప్తే పేజీ చదివిన సంగతి బయటపడుతుంది. "అంతా చెయ్యి మహిమ" అని దాటేసేవాణ్ని. ఇప్పుడు ఆలోచిస్తే, వందకు ఒకటి కూడా రాదని రాసి పెట్టి మరీ అమ్మేవాడు నాకంటే నయం. ముందు ఒక ఏనుగు ఊరికే ఇచ్చి నన్ను కట్టేసుకోవడం వాడి తెలివి. అది న్యాయమని నేను అనను. కానీ వాడి పెట్టెకు ఎవరి వేలైనా ఒకటే. వేళ్లలో తేడా చూసింది నేను.

ఆ తర్వాత వచ్చిన కందుల సీజన్లో, ఒక ఆదివారం మధ్యాహ్నం అన్న ఇంట్లో భోజనానికి కూర్చున్నాం. అన్న, నేను, వదిన తమ్ముడు. అతను అన్న దుకాణంలోనే పని చూసుకుంటాడు. పిల్ల మజ్జిగ గ్లాసులు తెస్తోంది.

వదిన తమ్ముడు నన్ను ఉడికించాడు. "ఏం బావా, నీ ఏనుగుకు ఇంక తోడు దొరకలేదా? ఒక్కతే ఎన్నొద్దులుంటది పాపం."

"యాడ దొరుకుతది? ఆ పిల్ల చెయ్యి మారింది. ఆర్నెల్ల సంది అన్ని తెల్లయే" అన్నాను.

అతను పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. పిల్ల గ్లాసు నా పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోయింది. అన్న నమలడం ఆపాడు.

"చెయ్యి గురించి గట్ల అనకురా."

"ఆటకన్న అన్నా, ఊకె."

అప్పుడైనా పదో పెట్టె సంగతి చెప్పి ఉంటే ఆ మాట అక్కడితో పోయేది. పప్పు ఇంకొంచెం వేయించుకుని తిన్నాను.

మూడు రోజుల తర్వాత పొద్దున ఆమె దారం లాగిన సరుకు నలభై బస్తాలు. అలవాటు ప్రకారం గుచ్చలేదు. పైన గింజ నిండుగా, ఎర్రగా ఉంది. లారీ హైదరాబాద్ మిల్లుకు వెళ్లింది. మిల్లువాళ్లు గుచ్చారు. బస్తాల్లో సగానికి కింద తేమ, పుచ్చు. మర్నాడు లారీ అలాగే వెనక్కి వచ్చింది.

అన్న ఎవరినీ ఏమీ అనలేదు. బస్తాలు దించుతుంటే వదిన తమ్ముడు హమాలీల ముందు అన్నాడట, "చిన్న బావ మొన్ననే చెప్పిండు, ఆమె చెయ్యి మారిందని." సాయంత్రానికి గంజ్ అంతా అదే మాట. తర్వాతి రోజు అన్న కూతురితో, "కాలేజీకి లేటయితది, నువ్వు సీదా టేసన్‌కు పో బిడ్డా" అన్నాడు. ఆమెకు చెప్పింది అంతే. ఎవరూ తిట్టలేదు, నిలబెట్టి అడగలేదు. పిలవడం మానేశారు. పక్క దుకాణాల వాళ్లు కూడా. బోణీ దారం అన్నే లాగడం మొదలుపెట్టాడు, మొదటి బస్తాను గుచ్చని అలవాటు మాత్రం మానలేదు.

నేను తర్వాతి బుధవారం వెళ్లాను. అన్న గద్దె మీద కూర్చుని పాడైన కందులు గుప్పిట్లో పట్టుకుని చూస్తున్నాడు. నీ బస్తాలు పాడవడానికి కారణం గుచ్చకపోవడమే అని నేను అనాలి. అనలేదు. నేను అన్నది ఇది: "పోనీ అన్నా, ఆడపిల్ల, ఎన్ని దినాలు గంజ్‌కొస్తది?" ఆయన తల ఊపాడు. తమ్ముడు ఓదార్చాడనుకున్నాడు.

ఆమె డిగ్రీ కూడా వికారాబాద్‌లో చదివింది. రోజూ రైల్లో వచ్చి, కాలేజీకి టైముంటే పొద్దునే మా దుకాణంలో కాసేపు కూర్చుని నా బిల్లులు కంప్యూటర్లో కొట్టి ఇచ్చేది. కామర్స్ చదువుతోంది, నాకంటే బాగా వచ్చు. నా ఆట గురించి ఎప్పుడూ అడగలేదు. నేనూ ఫోన్ ఆమె ముందు పెట్టలేదు. అంతా మామూలుగా ఉందనే అనుకున్నాను.

రెండో సంవత్సరంలో ఒక వాన రోజు, షట్టర్ ఎత్తి చూస్తే ఆమె పక్క జిరాక్స్ దుకాణం రేకు కింద నిలబడి ఉంది. జల్లు కొట్టి సగం తడిసింది.

"ఆడెందుకు నిలబడ్డవే? లోపలికి రా."

"వస్త. నీ బోణీ కానీ చిన్నాయినా."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఒకాయన వచ్చి రెండు బల్బులు కొనుక్కుని వెళ్లాడు. అప్పుడు లోపలికి వచ్చి, చున్నీతో తల తుడుచుకుని, కంప్యూటర్ ముందు కూర్చుంది. ఏడాదిగా రోజూ అంతేనని జిరాక్స్ దుకాణం ఆయన తర్వాత చెప్పాడు. మొదటి గిరాకీ వెళ్లిందాకా ఆమె నా గడప తొక్కేది కాదు. నేను చూసుకోలేదు.

అప్పుడు కూడా నేను చెప్పలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు అంటే అది నిజమే, కానీ సాకు కూడా అదే.

ఆమె డిగ్రీ అయిపోయేసరికి అన్నకు మోకాళ్లు అరిగిపోయాయి. గంజ్‌లో పొద్దంతా నిలబడలేడు. దుకాణం వదిన తమ్ముడికి అప్పగించే ఆలోచన చేశాడు. కూతురు తాను కూర్చుంటానంది. అన్న కాదనలేదు, అవుననలేదు. "గంజ్ అంటే నమ్మకం బిడ్డా. రైతులేమంటరో" అన్నాడట. ఆ మాటకు అర్థం ఏమిటో ఇంట్లో అందరికీ తెలుసు.

మర్నాడు ఆమె నా దుకాణానికి వచ్చింది.

"చిన్నాయినా, నాయినతోని నువ్వొకసారి మాట్లాడు. నా చెయ్యి సంగతి వద్దు. నాకు పనొస్తదా రాదా, గది చెప్పు."

ఆమె కళ్లు చూడలేక ఫోన్ తీశాను. ఆ పేజీ తెరిచి ఆమె ముందు పెట్టాను. ఆమె ముందు ఫోన్ పెట్టడం నాలుగేళ్లలో అదే మొదటిసారి. చదివింది. పైకి జరిపి మళ్లీ చదివింది.

"గిది నీకెప్పుడు తెలుసు?"

"ఏనుగొచ్చిన రెండు వారాలకు."

"అంటే అన్నం కాడ అన్నప్పుడు తెలుసు."

"తెలుసు."

"లారీ వాపసొచ్చినప్పుడు?"

"తెలుసు బిడ్డా."

"తెలిసి గూడ ప్రతి ఐతారం నాతోని ఒత్తిపిచ్చినవ్."

ఆమె ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. మిగిలిన రెండు బిల్లులు కొట్టింది, కంప్యూటర్ బంద్ చేసింది. గడప దగ్గర ఆగి అంది, "నాకు చెప్పుడు కాదు. యాడ అన్నవో ఆడ చెప్పు."

మొదట రైల్లో చెప్పాను, అది సులువనుకుని. నా స్నేహితుడు విని, "మరి నా ఫోన్ పట్కపోయిన నాడు గూడ నీకు తెలుసా?" అన్నాడు. తెలుసన్నాను. "వస్తదని రెండొద్దులు నిద్రపోలె నేను. జర సిగ్గుండాలె మనిషికి" అని తాండూరు దాకా కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు.

గంజ్‌లో అన్న, వదిన తమ్ముడు, తూకం కాటా దగ్గర ముసలి హమాలీ ఉన్నారు. నిలబడే చెప్పాను. పదో పెట్టె, చిన్న అక్షరాలు, అన్నం దగ్గర అన్న మాట, బుధవారం నాడు అనని మాట, అన్నీ.

అన్న నా చేతిలోని ఫోన్‌ను పక్కకు తోశాడు. ఆయనకు కోపం వచ్చింది, నేను అనుకున్న చోట కాదు.

"అంటే మంచి చెయ్యి అన్నది గూడ అబద్ధమే అంటవ్."

"ఆట వరకైతే..."

"ఆట సంగతి ఇడువు. పన్నెండేండ్లు నా బిడ్డ బోణీ చేసింది. దుకాణం పెరిగింది. అది గూడ నీ పదో పెట్టెనేనా?"

"నువ్వు కష్టపడ్డవన్నా. పైసలు ఎగబెట్టకుంట ఇచ్చినవ్, రైతులు పెరిగిన్రు."

"నాకు చెప్పకు. ఫోన్ల ఆటకు నా బిడ్డ చెయ్యి వాడుకున్నవ్. కలిసొస్తే నీ గొప్ప, రాకుంటే ఆమె పాపం."

అది అక్షరాలా నిజం. వదిన తమ్ముడు మధ్యలోకి వచ్చాడు. "అయ్యిందేదో అయ్యింది బావా, గిప్పుడు గివన్ని తవ్వుకునుడెందుకు? లారీ మాత్రం వాపసొచ్చింది గద, అది అబద్ధం కాదు గద."

అప్పుడు హమాలీ తలకు చుట్టిన తువ్వాలు విప్పుకుంటూ మాట్లాడాడు. "సేటు, తప్పుగ అనుకోకు. ఆ దినం బస్తాలు లారీకెక్కిస్తుంటె నాకు తెలిసింది. అడుగు తేమ పట్టి వీపుకు సల్లగ తగిలింది. గుచ్చి చూడుమని చెప్దామనుకున్న. పాప విప్పిన సరుకు గద, గుచ్చొద్దంటరని ఊకున్న."

అన్న నాకు చాయ్ చెప్పలేదు. ఆయన దుకాణానికి వెళ్లి చాయ్ తాగకుండా తిరిగి రావడం నాకు అదే మొదలు.

వారం గడిచాక వదిన ఫోన్ చేసింది. అన్న ఒప్పుకున్నాడని, అమ్మాయి దుకాణంలో కూర్చుంటుందని, బోణీ మాత్రం తాను వచ్చి చేసి పోతానన్నాడని చెప్పింది. అది మంచి ఏర్పాటే అనుకున్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"నువ్వు చేస్తే నా చెయ్యి చెడ్డదనే. నేను చేస్తే మంచిదనే. నాకు రెండు వద్దు నాయినా. పొద్దున్నే ఎవలకు పని లేకుంటె వాళ్లు ఇప్పుతరు" అందట. దుకాణమన్నాక బోణీ లేకుండా ఎలా అని అన్న రెండు రోజులు అలిగి అన్నం సరిగా తినలేదు. ఆమె కూడా మెట్టు దిగలేదు. చివరికి వదినే తేల్చింది: "కాళ్లు నొస్తున్నయని నువ్వే అంటివి. పొద్దుగాల్నే గంజ్‌కు ఉరుకుడెందుకు? ఇంట్ల పడుకో." వదిన తమ్ముడు మిల్లుల వైపు పని చూసుకుంటానన్నాడు. మనసులో ఏముందో నాకు తెలియదు. నాతో మాత్రం ముభావంగా ఉన్నాడు, ఇప్పటికీ అంతే.

ఆ ఆటను ఫోన్లోంచి తీసేశానని రాస్తే బాగుండేది. తీయలేదు. కొనడం మానేశాను. రోజూ ఊరికే వచ్చే పెట్టెను నా వేలితో నేనే ఒత్తుకుంటాను. ఊగుతున్నంతసేపూ చూడకుండా ఫోన్ బోర్లా పెట్టడం అలవాటు చేసుకుంటున్నాను.

ఆమె గద్దె మీద కూర్చున్న మొదటి రోజు నేను పొద్దునే తాండూరు వెళ్లాను. నన్ను ఎవరూ పిలవలేదు. దుకాణం లోపలికి పోకుండా కాటా పక్కన నిలబడ్డాను. కొడంగల్ వైపు నుంచి ఒక పెద్దాయన ట్రాక్టర్లో కందులు తెచ్చాడు. ఆమె ఫోన్లో మిల్లువాళ్లతో మాట్లాడుతోంది. హమాలీ ఖాళీగా ఉన్నాడు. కొస వెతికి దారం లాగాడు. ఆమె ఫోన్ పెట్టేసి, గొట్టం తీసుకుని వచ్చి పైన, నడుమ, అడుగున గుచ్చింది. అరచేతిలో గింజలు విడదీసి, ఒకటి పంటి కింద కొరికింది.

రైతు మొహం చిన్నబోయింది. "మీ కాడ మొదటి బస్తా గుచ్చరంటరు గదమ్మా. గందుకే పొద్దుగాల్నే వస్తి."

"గిప్పుడు అందరియి గుచ్చుతున్నం పెద్దాయినా. మా నాయిన తెచ్చినా గుచ్చుతం. పైన మంచిగున్నది, అడుగుది జర తేమున్నది. రెండొద్దులు ఎండబోసి తెస్తవా, గిప్పుడే తూకమేపిస్తవా? గిప్పుడైతే ధర తగ్గుతది."

"కిరాయి ట్రాక్టరమ్మా, మల్లెట్ల తెస్త?"

"ఎండబోసుడు ఈడనే. జాగ నేనిస్త, పరిచేటందుకు తాటిపత్రి నేనిస్త. కావలి నువ్వుండాలె."

ఆయన లెక్క వేసుకుంటూ తల గోక్కున్నాడు. అన్న అప్పుడే కర్ర పట్టుకుని మెల్లగా వచ్చాడు. ఇంట్లో పడుకోలేకపోయాడు. నన్ను చూశాడు, పలకరించలేదు. గద్దె వైపు కూడా పోలేదు. రైతులు కూర్చునే బల్ల మీద పెద్దాయన పక్కన కూర్చుని, కాళ్లు చాపుకుని, "ఎంత చెప్పిందే ధర?" అని ఆయన్నే అడిగాడు.